ఇరవై నాలుగు మండలాల గిన్నె

గిన్నెని ముక్కలు చేసింది మీరు. మీరంటే మీరే. జిల్లా సమైక్యతా ఉత్సవ సంఘం వారు, దాని ప్రత్యేకాధికారి దక్షిణామూర్తి గారు, సూపరింటెండెంటు జగన్నాయకులు గారు, వాళ్ల వెనక వేదిక మీద కూర్చుని చప్పట్లు కొట్టిన వాళ్లంతా. మా నూకరత్నం ఇరవై ఏళ్లుగా లేత్ పని చేస్తోంది. ముక్కల్ని గిన్నె చెయ్యడం ఆవిడకి వచ్చు. గిన్నెని ముక్కలు చెయ్యడం మీకు వచ్చు. ఎవరి విద్య వాళ్లది. కానీ మీ విద్యకి శిక్ష ఆవిడకి వేశారు. అందుకే మా కొమ్మలగెడ్డ ఊరి తరఫున ఇది రాస్తున్నాను.

మీ విచారణ నివేదిక నూట పన్నెండు పేజీలు. మూడుసార్లు చదివాను. అందులో గిన్నె ఎలా తయారవుతుందో ఒక్క ముక్క లేదు. కాబట్టి మొదట అదే చెప్తాను.

మా కొమ్మలగెడ్డలో నలభై ఒక్క ఇళ్లలో లేత్ తిరుగుతుంది. అంకుడు కర్రని లేత్ మీద బిగించి, ఉలితో చెక్కి, లక్క పూసి, మొగలి ఆకుతో మెరుగు పెట్టి బొమ్మలు, బొంగరాలు, కుంకం భరిణెలు చేస్తాం. ఐదేళ్ల కిందట అంకుడు కొట్టడానికి అనుమతులు ఆపేశారు. ఆ చెట్లు మేం నాటుకున్నవే, మా గట్ల మీదవే. అయినా కొట్టాలంటే అనుమతి కావాలన్నారు. అనుమతి కావాలంటే చెట్టు వయసు ధ్రువపత్రం కావాలన్నారు. చెట్టు వయసు ఎలా తెలుస్తుందని అడిగితే, కొట్టి లోపలి వలయాలు లెక్కపెట్టాలన్నారు. చెట్లు ఇప్పటికీ గట్ల మీదే ఉన్నాయి. వయసు పెరుగుతోంది, ధ్రువపత్రం రాలేదు.

కర్ర లేక సగం లేత్‌లు ఆగిపోయాయి. అప్పుడు నూకరత్నం వడ్రంగి దుకాణాల ముందు పారేసిన ముక్కలు గోనెసంచుల్లో ఏరుకొచ్చింది. టేకు, వేప, పనస, పాత గుమ్మాల ముక్కలు, ఏది పడితే అది. ఒక్కో ముక్క రెండు చివర్లూ ఏటవాలుగా కోసింది. పన్నెండు ముక్కలు పక్కపక్కన పెట్టి జిగురుతో అతికితే ఒక వలయం. వలయం మీద వలయం పేర్చి, అడుగున ఒక బిళ్ల అతికి, రెండు రోజులు ఆరనిచ్చి, లేత్ మీద తిప్పుతూ ఉలి పెట్టింది. మూలలన్నీ రాలిపోయి నున్నటి గిన్నె వచ్చింది. నలుపు, పసుపు, ఎరుపు ముక్కలు ఇటుకల గోడలా కనిపిస్తాయి, వేలితో రాస్తే మాత్రం అతుకు తెలీదు. కర్ర ఇవ్వని ప్రభుత్వానికి ఆవిడ చెప్పిన జవాబు ఆ గిన్నె. ప్రభుత్వం దాన్ని పొగడ్త అనుకుంది.

జిల్లా ప్రదర్శనలో దక్షిణామూర్తి గారు ఆ గిన్నెని చేతిలోకి తీసుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఎన్ని ముక్కలమ్మా ఇది?"

"తొంబై ఆరు బాబూ."

"అన్నీ ఒకే కలపా?"

"ఒకే కలపుంటే ముక్కలెందుకు అతుకుతాను బాబూ? ఏది దొరికితే అదే."

"అంటే, వేర్వేరు నేలల్లో పుట్టిన వేర్వేరు వృక్షాలు..." ఆయన గిన్నెని గుండెకి హత్తుకున్నారు. "ఒక్కటైపోయాయి!"

"జిగురెట్టేను బాబూ."

ఆ మాట ఆయన వినలేదు. విని ఉంటే మనకి ఈ గొడవే లేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. జిల్లాలోని ఇరవై నాలుగు మండలాల నుంచి ఒక్కో కలప ముక్క సేకరించి, 'మహా సమైక్యతా గిన్నె' తయారు చేయించాలి. ఉత్సవం ప్రారంభం రోజున అది వేదిక మీద, అందరి కళ్ల ముందు, లేత్ మీద రూపు దిద్దుకోవాలి. చేసేది సలాది నూకరత్నం. గిన్నె పూర్తయిన మరుక్షణం కొమ్మలగెడ్డ నలభై ఒక్క కుటుంబాలకీ అంకుడు కర్ర అనుమతి మీద అదే వేదిక పైన సంతకం. ఉత్తర్వు ఊళ్లో చదివి వినిపించాను. ఆ పూట ఊళ్లో ఆగిపోయిన లేత్‌లన్నిటికీ నూనె పెట్టారు.

తర్వాత మొదలైంది సమావేశాల జాతర.

మొదటి సమావేశంలో నూకరత్నం తన పాత గిన్నె తీసుకెళ్లి చూపించింది. ఇది అడుగు, ఇది నడుము, ఇది అంచు అంది. వెంటనే ఒక మండలాధికారి లేచి, "అడుగున ఏ మండలం ఉంటుంది?" అని అడిగాడు. అడుగున ఉండటానికి ఏ మండలమూ ఒప్పుకోలేదు. వెనకబడిన మండలాలు, "ఇప్పటికే అడుగున ఉన్నాం, గిన్నెలో కూడానా?" అన్నాయి. ముందున్న మండలాలు, "అందరి బరువూ మేమే మొయ్యాలా?" అన్నాయి. భోజనాల తర్వాత ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. ఇరవై నాలుగు ముక్కలూ ఒకే వలయంలో, సమాన హోదాలో ఉంటాయి. అడుగు ఉండదు.

నూకరత్నం చెయ్యెత్తింది. "అడుగు నేకపోతే గిన్నెలో కూడెక్కడుంటాది బాబూ?"

"ఇది ప్రతీకాత్మక గిన్నె తల్లీ" అన్నారు దక్షిణామూర్తి గారు. "ఇందులో ప్రతీకాత్మక పదార్థాలు మాత్రమే ఉంచుతాం."

"మరి లేత్‌కి దేనిమీద బిగించాల? ఎనకాల ఓ చెక్క పళ్లెం ఉండాల గదా."

జగన్నాయకులు గారు కలం ఆపారు. "ఆ పళ్లెం ఏ మండలానిది?"

"ఏ మండలానిదీ కాదు బాబూ, లేత్‌ది."

"అయితే 'తాత్కాలికం' అని రాస్తాను" అన్నారాయన. రాశారు.

రెండో వారం నుంచి ముక్కలు రావడం మొదలుపెట్టాయి. డప్పులతో, పూలదండలతో, ట్రాక్టర్ల మీద వచ్చాయి. కొలతలు చెప్తే ఏ మండలమూ వినలేదు, పక్క మండలం కన్నా చిన్నది పంపితే పరువు పోతుంది మరి. ఒకరు పచ్చి పనస దుంగ పంపారు, నీళ్లు కారుతోంది. సముద్రం పక్క మండలం వాళ్లు తాటి మొద్దు పంపారు. కొండ మీద మండలం వాళ్లు వెదురు బొంగు పంపారు, దానికి లోపల కర్రే లేదు. ఒక మండలాధికారికి చెట్టు కొట్టే అనుమతి సకాలంలో దొరకలేదట. తహసీల్దారు కచేరీలో బెంచీ కాలు ఊడదీసి పంపాడు. అనుమతి దొరకలేదన్న బాధ ఆయనకి ఒక్కసారి. మాకు ఐదేళ్లు.

ప్రతి ముక్క మీదా అన్ని వైపులా లక్క ముద్రలు, సంతకాలు. ఎదర, వెనక, పైన, కింద. ముక్క మారిపోకుండా జాగ్రత్త అన్నమాట.

నూకరత్నం అన్నిటినీ తన లేత్ షెడ్డులో నేల మీద వరసగా పరిచింది. చుట్టూ తిరిగింది. పనస దుంగని గోరుతో గిచ్చింది. వెదురు బొంగులోంచి అవతలికి చూసింది.

"ఓలమ్మా" అంది. "ఈటిని గిన్నె సెయ్యమంటున్నారా, ఈటికి పెళ్లి సెయ్యమంటున్నారా?"

ఆవిడ పక్కింటి మరిది చిట్టియ్య కూడా లేత్ పనివాడే. "తడివి ఆరనిచ్చి, పొడుగువి కోసీసి, ఏటవాలు సేసి జిగురెట్టీ వొదినా. నాలుగు నెలల్లో అయిపోద్ది" అన్నాడు.

"ఉత్సవం మూడు వారాల్లో రా."

"అయితే పనస ముక్క ఎండలో పెట్టు."

"ఎండలో పెడితే పగులుద్ది. పగిల్తే మండలం పగిలిందంటారు."

అయినా రంపం తీసింది. మొదటి ముక్కకి రంపం ఆనించే లోపలే జగన్నాయకులు గారు షెడ్డులోకి పరిగెత్తుకొచ్చారు. ముక్కల రక్షణకి ఆయన్ని షెడ్డు బయటే కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"ఆగు! ఏం చేస్తున్నావ్?"

"సివర్లు కోస్తన్నాను బాబూ. ఏటవాలు నేకపోతే వలయం కలవదు."

"ఎంత కోస్తావ్?"

ఆవిడకి డిగ్రీలు తెలీవు, చెక్కతో చేసుకున్న అచ్చు ఉంది. దాన్ని చూపించింది. ఆయన ఫోనులో ఎవరినో అడిగి లెక్క కట్టించారు. ఇరవై నాలుగు ముక్కల వలయానికి ప్రతి ముక్కా రెండు చివర్లా ఏడున్నర డిగ్రీలు కొయ్యాలి. ఆయన మొహం పాలిపోయింది.

"ఒక మండలాన్ని రెండు వైపులా ఏడున్నర డిగ్రీలు కోస్తావా? సరిహద్దుల మార్పు జిల్లా కలెక్టరు చేతిలో కూడా లేదు తెలుసా?"

మర్నాడు మెమో వచ్చింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "కలప ముక్కలు ఆయా మండలాల ఆత్మగౌరవ చిహ్నములు అయినందున, సంబంధిత తహసీల్దారుల నిరభ్యంతర పత్రము లేనిదే వాటిని కోయుట, చెక్కుట, గీయుట, నునుపు చేయుట నిషిద్ధము. అధికార ముద్రలకు ఉలి తగిలినచో ప్రభుత్వ ముద్రను చెరిపినట్లు పరిగణింపబడును."

నూకరత్నానికి చదివి వినిపించాను. ఆవిడ రంపం గోడకి తగిలించింది.

"అంటే లేత్ తిప్పొచ్చు. ఉలి తగలకూడదు."

"అంతే."

"పోనీ జిగురెట్టొచ్చా?"

జిగురు మీద ప్రత్యేక సమావేశం పెట్టారు. జిగురు పెడితే రెండు మండలాల మధ్య గీత కనిపించదు కదా, అది సరిహద్దులు చెరిపే పదార్థం కదా అని ఒక మండలాధికారి ప్రశ్న లేవదీశాడు. ఒకసారి అతికితే వచ్చే ఏడాది మండలాల పునర్విభజనలో ముక్క విడదియ్యడం ఎలా అని ఇంకొకాయన అడిగాడు. దక్షిణామూర్తి గారు కళ్లు మూసుకుని తీర్పు చెప్పారు. "నిజమైన సమైక్యతకి జిగురు అవసరం లేదు. ముక్కలు మనస్ఫూర్తిగా కలవాలి." మనస్ఫూర్తిగా కలిసే వరకూ ఆసరాగా నాడాతో కట్టమన్నారు. ఫైళ్లు కట్టే తెల్ల నాడా. ఆఫీసు స్టోరు నుంచి నాలుగు ఉండలు పంపారు.

నూకరత్నం మొదటిసారి గొంతు పెంచింది. "బాబూ, ఈ వొలయం తిరిగితే ఇప్పుకుని ఎగిరిపోద్ది. మొద్దొచ్చి తగిల్తే మనిసి సచ్చిపోతాడు. నేను సెయ్యను." ఆ మాటే నేను కాగితం మీద రాశాను, ఆవిడ సంతకం పెట్టింది. రశీదు తీసుకున్నాం. ఆ రశీదు నా దగ్గర ఉంది. మీ నివేదికలో లేదు.

జవాబుగా షోకాజు నోటీసు వచ్చింది. "జిల్లా సమైక్యతపై బహిరంగముగా అపనమ్మకము వ్యక్తము చేసినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదు? మరియు, సదరు కార్యక్రమము జరగనిచో కలప అనుమతుల ఫైలు మూసివేయబడును."

ఊరంతా ఆవిడ షెడ్డు ముందు చేరింది. చిట్టియ్యే నోరు తెరిచాడు.

"వొదినా, ఓపాలి తిప్పీ. రెండు సుట్లు. సంతకం పెట్టీగానే ఆపీ."

"నీ నెత్తి మీద పడితే?"

"అయిదేళ్లనుండి నెత్తి మీద ఏదో ఓటి పడతానే ఉన్నాది గదే. కర్రొస్తే సాలు."

ఆవిడ లేత్ దగ్గరికెళ్లి బెల్టు పట్టి చూసింది. ఆఖరికి, "బెల్టు అన్నిటికన్నా నెమ్మది సక్రానికేస్తాను. జనం ముప్పై అడుగులు దూరం ఉండాల. అట్లయితేనే" అంది. నలభై ఒక్క కుటుంబాల కర్ర ఆవిడ మెడ మీద పెట్టింది మీరు, మేమూ ఓ చెయ్యి వేశాం. మా తప్పు ఒప్పుకుంటున్నాను. మీరు మీది ఒప్పుకోండి.

ఉత్సవం రోజు వేదిక మీద లేత్. లేత్ మీద చెక్క పళ్లెం, దాని మీద 'తాత్కాలికం' అని కాగితం. దాని చుట్టూ ఇరవై నాలుగు మండలాలు. తాటి మొద్దు ఒక పక్క, వెదురు బొంగు ఎదర పక్క, మధ్యలో పచ్చి పనస నీళ్లోడుతూ, అన్నిటినీ చుట్టి నాడా, నాడాకి ముడులు, ముడుల మీద మళ్లీ లక్క ముద్రలు. గిన్నెలా లేదు, మూటలు కట్టిన బండి చక్రంలా ఉంది. పక్కన చెక్క బల్ల మీద నూకరత్నం ఉలులు ఏడు, గుడ్డ పరిచి పెట్టారు. ఫోటోల కోసం. ముట్టుకోకూడదని చీటీ.

జనాన్ని ముప్పై అడుగులు దూరం ఉంచమంటే దక్షిణామూర్తి గారు ఒప్పుకోలేదు. "సమైక్యతకి దూరం జరగమంటావా?" అన్నారు. ఇరవై నాలుగు మండలాల అధికారుల్నీ లేత్ చుట్టూ చేతులు పట్టుకుని నిలబెట్టారు. నూకరత్నం మా ఊరి వాళ్ల వైపు చూసి, కిందికి పొమ్మని కళ్లతోనే చెప్పింది. మేం దిగాం. ఆవిడ స్విచ్చు వేసింది.

చక్రం నెమ్మదిగా తిరిగింది. మొద్దులు ఊగాయి. నాడా కిర్రుమంది. అయినా నిలబడింది. ఆ పనిమంతురాలు ఆ నాడాని ఎలా కట్టిందో దేవుడికే తెలియాలి. రెండు చుట్లు. నాలుగు. పది.

"సాలు బాబూ, సంతకం పెట్టీయండి" అంది నూకరత్నం.

దక్షిణామూర్తి గారు కలం తీశారు. దాని మూత తీశారు. కాగితం మీద చెయ్యి పెట్టి, మైకు వైపు తిరిగారు. అక్కడే మా కర్మ కాలింది.

"సమైక్యత ఇంత మందకొడిగానా? వేగం పుంజుకోవాలి! ఏదీ, వేగం పెంచండి!"

"వొద్దు బాబూ!"

"పెంచండి!"

ఆవిడ చెయ్యి కదల్లేదు. జగన్నాయకులు గారే వెళ్లి బెల్టుని వేగం చక్రం మీదికి తోశారు. ఆయన జీవితంలో స్వహస్తాలతో చేసిన పని అదొక్కటే అని వాళ్ల ఆఫీసులో చెప్పుకుంటారు.

మొదట బెంచీ కాలు వెళ్లిపోయింది. మైకు స్టాండుని తన్ని, ప్రసంగాన్ని మధ్యలో ఆపేసింది. తర్వాత తాటి మొద్దు వేదిక వెనక బ్యానరులో 'సమైక్యత' అన్న చోట గుమ్మమంత కన్నం పెట్టింది. పనస ముక్క ఒక్కసారిగా పగిలి ఆరు మండలాల అధికారుల మొహాల మీద నీళ్లు చల్లింది. వెదురు బొంగు ఈల వేసుకుంటూ పందిరి దాటి పోయింది. చేతులు పట్టుకున్న అధికారులు చేతులు వదిలేశారు. ఒక మండలం ఇంకో మండలం కాలు తొక్కింది. దక్షిణామూర్తి గారు బల్ల కింద దూరారు, అనుమతి కాగితంతో సహా. అందరూ నేల మీద బోర్లా పడుకుంటే, నూకరత్నం ఒక్కతే వొంగి, ముక్కలు నెత్తి మీదుగా పోతుండగా పాక్కుంటూ వెళ్లి స్విచ్చు ఆపింది. మోకాళ్లు చీరుకుపోయాయి. మీలో ఒక్కరూ చావకపోవడానికి కారణం ఆవిడ. నివేదికలో ఆ మాట కూడా లేదు.

దుమ్ము అణగ్గానే ఏం జరిగిందనుకున్నారు? దెబ్బలు చూసుకోలేదు. "మా ముక్క ఏదీ? మా ముక్క ఏదీ?" అని మండలాలు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఒక ముక్క కాలవలో పడితే, అది ఇప్పుడు ఇరిగేషన్ వాళ్ల పరిధిలోది అని కాలవ కాపలా లస్కరు ఇవ్వనన్నాడు. రెండు ముక్కలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఇరుక్కుపోయాయి. ఆ రోజు నిజంగా కలిసిన మండలాలు ఆ రెండే. వాటిని విడదియ్యడానికి మాత్రం ఉలి వాడొచ్చని అక్కడికక్కడే అనుమతి ఇచ్చారు.

నలభై రోజుల విచారణ జరిగింది. విచారణ సంఘం ముందు నూకరత్నం నిలబడింది.

"గిన్నె విచ్ఛిన్నం కావడానికి కారణం ఏమిటి?"

"అతకనేదు బాబూ. అందుకు ఇడిపోనాది."

"సూటిగా చెప్పు. బల్ల మీద ఏడు ఉలులు ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి. నేను ముట్టుకోనేదు."

"అంటే ముక్కలు చేసే పరికరాలతో వేదిక మీదికి వచ్చావు."

"గిన్నె సేసే పరికరాలు బాబూ అవి."

"గిన్నె అయిందా?"

"నేదు."

"మరి ఏమైంది?"

"ముక్కలు."

"రాసుకోండి" అన్నాడు సంఘం అధ్యక్షుడు.

నివేదిక నూట పన్నెండో పేజీలో తేల్చింది ఇదీ: జిగురు దోషం లేదు, ఎందుకంటే జిగురు వాడలేదు. నాడా దోషం లేదు, ఎందుకంటే అది ప్రభుత్వ నాడా. వేగం దోషం లేదు, ఎందుకంటే వేగం పెంచమని మౌఖికంగా మాత్రమే చెప్పారు. మిగిలింది ఉలి. ఏడు ఉలులూ 'విచ్ఛిన్నకర ఆయుధాలు'గా జప్తు చేశారు. కొమ్మలగెడ్డ కర్ర అనుమతి ఫైలు మూసేశారు. వచ్చే ఏడాదికి సమైక్యతా గిన్నె పొరుగు రాష్ట్రంలో ప్లాస్టిక్‌తో పోత పోయిస్తున్నారు. దాని మీద ఇరవై నాలుగు ముక్కల్లా గీతలు అచ్చు వేస్తారు. దానికి అడుగు కూడా ఉంటుంది. ప్లాస్టిక్ ఏ మండలానికీ చెందదు కనక ఎవరికీ అభ్యంతరం లేదట.

ఇప్పుడు నేను చెప్పేది నవ్వుకోకుండా చదవండి.

నూకరత్నానిది ఎడమచేతి వాటం. ఆ ఏడు ఉలులూ కమ్మరి దగ్గర కూర్చుని, ఇరవై ఏళ్లలో ఒక్కొక్కటే తన చేతికి సరిపడా కొట్టించుకుంది. మా ఉలులు ఇస్తామన్నాం. చిట్టియ్య తనవి తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ఆవిడ పట్టుకుని చూసి, "ఇయి నా మాట ఇనవు రా" అని తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడు జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతోంది. జీడి నూనె వేళ్లని కాల్చేస్తుంది, కొసలు నల్లబడి తోలు ఊడుతుంది. అతుకు ఉందో లేదో కంటితో కాదు, ఆ వేళ్ల కొసలతో చూస్తుంది ఆవిడ. ఇంకో రెండు నెలలు పోతే ఉలులు తిరిగొచ్చినా వేళ్లు రావు.

కాబట్టి అయ్యలారా, సన్మానం వద్దు, విచారం వద్దు, ఇంకో సంఘం అసలే వద్దు. ఏడు ఉలులు. ఏడూ. వచ్చే సోమవారం పొద్దున్న పది గంటలకి, దక్షిణామూర్తి గారు స్వయంగా కొమ్మలగెడ్డ వచ్చి, ఆవిడ ఎడమ చేతిలో పెట్టాలి. ఆ రోజు బల్ల కిందికి తీసుకెళ్లిన అనుమతి కాగితం మీద సంతకం చేసి, నలభై ఒక్క ఇళ్లకీ కర్ర కొట్టుకోనివ్వాలి. నివేదిక నూట పన్నెండో పేజీ చించెయ్యాలి. సోమవారం పదిన్నరకి కూడా ఉలులు రాకపోతే నలభై ఒక్క లేత్‌లూ ట్రాక్టర్లకెక్కించి మీ ఆఫీసు గుమ్మంలో దింపుతాం. దింపాక మీరు పొమ్మన్నా కదలం. తెచ్చి ఇవ్వండి.